నాలుగో విజిల్ లోపే

చైతన్యపురిలో మాది మూడో అంతస్తు. ఆ పొద్దున కుక్కర్లో కందిపప్పు పడేసి, మంట సిమ్‌లో పెట్టి, తలుపు గొళ్ళానికి తగిలించిన పాల సంచి తీసుకుందామని గుమ్మం దాటాను. బాల్కనీ వైపు నుంచి గాలి కొట్టింది. వెనక తలుపు ధడేలున మూసుకుంది. నైట్‌లాచ్ ఉన్న తలుపు పడితే పడ్డట్టే, బయటి నుంచి తాళంచెవి లేనిదే రాదు. చెవి లోపల ఫ్రిజ్ మీది గిన్నెలో ఉంది. రెండో చెవి మా ఆవిడ బ్యాగులో, ఆవిడేమో సూర్యాపేటలో మేనకోడలి పెళ్ళిలో. లోపల మొదటి విజిల్ కూసింది.

వాచ్‌మన్ కొడుకు బండేసుకుని వెళ్ళి, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మెట్రో వంతెన నీడలో కూర్చునే చాబీవాలాను ఎక్కించుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో రేకు పెట్టె. వచ్చీ రావడంతోనే తాళం వైపు చూడలేదు, ఎదురింటి తలుపు కొట్టాడు. "ఈ సార్ గీ ఇంట్లనే ఉంటడా?" అని మాస్టారిని అడిగి, ఆయన అవునన్నాకే పెట్టె మూత తీశాడు. అప్పటికి రెండో విజిల్ కూడా అయింది.

"ఎంతసేపు పడుతుందన్నా?"

"దాని ఇష్టం సార్."

పెట్టెలోంచి రెండే వస్తువులు తీశాడు. ఒకటి కొస వంచిన చిన్న ఉక్కు బద్ద. రెండోది సన్నటి పుల్ల, చివర కొంచెం పైకి తిరిగింది. విరిగిన హాక్సా బ్లేడును అరగదీసి తనే చేసుకున్నాడట. బద్దను తాళం నోట్లో కింది అంచుకు పెట్టి ఎడమ చూపుడువేలితో ఊరికే ఆనించాడు. కుడిచేత్తో పుల్ల లోపలికి దూర్చాడు. చూపు మాత్రం మెట్ల మీద ఎక్కడో ఉంది. మూడో విజిల్ వచ్చింది. నాలుగోది రాకముందే తలుపు తెరుచుకుంది. పప్పు చక్కగా ఉడికింది గానీ, నాకే మింగుడుపడలేదు. పదేళ్ళుగా కళ్ళు మూసుకుని నమ్మిన తాళం రెండు విజిళ్ళ సరుకా?

ఆ వారమే ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపులో అదే రకం సిలిండర్ కొన్నాను. తలుపుకు కాదు, నా రాతబల్ల మీదికి.

విప్పి చూస్తే లోపల పెద్ద మాయేమీ లేదు. ఒక ఇత్తడి ఒర, అందులో తిరిగే ఇత్తడి ఇరుసు. తాళంచెవి దూరేది ఇరుసులోకి. ఒరనూ ఇరుసునూ కలిపి పైనుంచి కిందికి అయిదు బెజ్జాలు వరుసగా తొలిచి ఉంటాయి. ఒక్కో బెజ్జంలో వడ్లగింజ లావున రెండు ఇత్తడి పిన్నులు ఒకదాని మీద ఒకటి, వాటి నెత్తిన ఒక స్ప్రింగు. ఒరకూ ఇరుసుకూ మధ్య ఉన్న సందును పొలం గట్టు అనుకోండి. స్ప్రింగు తోసినప్పుడు పై పిన్ను గట్టు దాటి కింది పొలంలో కాలు పెడుతుంది. సగం పైన, సగం కింద. అలా ఉన్నంతసేపూ ఇరుసు తిరగదు. సరైన తాళంచెవి దూర్చితే దాని గాట్లు ఒక్కో పిన్నును ఒక్కో ఎత్తుకు లేపుతాయి. కింది పిన్నుల ఎత్తులకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు, అయినా గాటుకు తగ్గట్టు లేచి అన్నీ సరిగ్గా గట్టు దగ్గరే ఆగుతాయి. పై పిన్నులన్నీ పైన, కింది పిన్నులన్నీ కింద. ఇరుసు తిరుగుతుంది. గాటు అర మిల్లీమీటరు ఎక్కువైనా తక్కువైనా ఏదో ఒక పిన్ను గట్టు మీద అడ్డంగా పడుకుంటుంది.

ఇదంతా కళ్ళారా చూసే ఉత్సాహంలో ఇరుసును వెనక నుంచి లాగేశాను. స్ప్రింగులకు ఆ సమయం కోసమే ఎదురుచూసినంత తొందర. నాలుగు జతలు నా ఒళ్ళో పడ్డాయి. అయిదో బెజ్జంలోవి బీరువా కింద ఎక్కడికో వెళ్ళిపోయాయి. టార్చి వేసి, చీపురు పుల్లతో కెలికి, చివరికి ఆ బెజ్జాన్ని ఖాళీగానే వదిలి తాళం మూసేశాను. తాళంచెవి ఎప్పటిలాగే తిరిగింది. ఖాళీ బెజ్జానికి అడ్డుపడే పని లేదు కదా. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు లెక్క. దిల్‌సుఖ్‌నగర్లో రాయి విసిరితే కోచింగ్ సెంటరు బోర్డుకే తగులుతుంది, ఇక్కడ ఈ లెక్క ఏ ఇంటర్ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అయిదు పిన్నులు, ఒక్కో పిన్నుకు ఆరు ఎత్తులు అనుకుంటే మొత్తం తాళంచెవులు ఆరును అయిదుసార్లు గుణించినన్ని, అంటే 7,776. ఒక్కోటి దూర్చి చూడడానికి పది సెకన్లు వేసుకున్నా దాదాపు 22 గంటల పని. ఆరో పిన్ను చేర్చితే 46,656. తాళం కొన్నప్పుడు మనకు అమ్మేది నిజానికి ఈ గుణకారమే.

పనిలో పనిగా ఇంకో చిన్న లెక్క. 7,776 రకాల తాళంచెవులే ఉంటే, ఎల్బీనగర్లో 105 ఫ్లాట్లున్న అపార్టుమెంటులో ఏవో రెండు ఇళ్ళకు ఒకే తాళంచెవి పట్టే అవకాశం సగానికి పైనే. మీ చెవి పక్కింటికి పట్టడం కాదు సుమా, ఎవరిదో ఒకరిది ఇంకెవరిదో ఒకరికి పట్టడం. ఒకే పుట్టినరోజున్న ఇద్దరు క్లాసులో దొరికే లెక్క లాంటిదే ఇది. ఏ చెవి ఏ ఇంటికి పడుతుందో ఎవరూ తిరిగి పరీక్షించరు కాబట్టి అందరూ నిశ్చింతగా ఉంటారు.

మరి చాబీవాలా ఈ 7,776 నూ ఎలా దాటాడు? గుణకారాన్ని కూడికగా మార్చి. ఒకసారికి ఒక్క పిన్ను సంగతే తేల్చుకోగలిగితే, ఒక్కోదానికి ఆరు ఎత్తులు, అయిదు పిన్నులకు ముప్పై. అంతే, 7,776 కాస్తా 30కి దిగింది. కానీ పిన్నులన్నీ కలిసి కాపలా కాస్తున్నప్పుడు ఒక్కదాన్ని విడదీయడం ఎలా సాధ్యం? మొత్తం కిటుకు అక్కడే ఉంది. నన్నడిగితే ఈ విద్యలో అందమంతా అక్కడే ఉంది.

డ్రిల్లుతో అయిదు బెజ్జాలు వేస్తే అవి ఎప్పుడూ ఒకే గీత మీద పడవు. ఫ్యాక్టరీ ఎంత గొప్పదైనా వెంట్రుకలో అరవంతో పావువంతో అటూ ఇటూ పోతాయి. పిన్నుల లావులోనూ అంతే తేడా. బళ్ళో ప్రేయర్ లైను గుర్తు తెచ్చుకోండి. దూరం నుంచి వరుస తిన్నగానే ఉంటుంది. పక్కనుంచి ఒక పొడవాటి కర్రను మెల్లగా జరుపుకుంటూ వస్తే అందరికీ ఒకేసారి తగలదు, రవ్వంత ముందుకు నిలబడ్డ పిల్లాడికి మొదట తగులుతుంది. ఇరుసును కొద్దిగా తిప్పాలని చూస్తే జరిగేదీ అదే. అయిదు పిన్నులూ ఒకేసారి అడ్డుకోవు. వరుస తప్పిన ఏదో ఒక్క పిన్ను ఒరకూ ఇరుసుకూ మధ్య నలుగుతుంది. మిగతా నాలుగూ స్ప్రింగు మీద హాయిగా ఊగుతుంటాయి.

నలిగినదాన్ని పుల్లతో మెల్లగా లేపితే, పై పిన్ను గట్టు దాటిన క్షణాన ఇరుసు రవ్వంత తిరుగుతుంది. తిరిగిన ఇరుసు అంచు మెట్టులా ముందుకొస్తుంది. పై పిన్ను ఆ మెట్టు మీద కూర్చుండిపోతుంది, ఇక కిందికి రాలేదు. ఇప్పుడు భారమంతా వరుస తప్పినవాటిలో రెండోదాని మీద పడుతుంది. దాన్ని లేపాలి. తర్వాత మూడోది. తాళం ఓడేది తన గుణకారంలో కాదు, డ్రిల్లు చేసిన పొరపాట్లలో. పొరపాటే లేని తాళం ఎవరైనా చేయగలిగితే అయిదు పిన్నులూ ఒక్కసారే నలుగుతాయి, పుల్ల పట్టినవాడు చేతులెత్తేస్తాడు. కానీ పొరపాటే లేని తాళంలోకి దాని సొంత చెవి కూడా దూరదు, ఇత్తడి కదలాలంటే ఎంతో కొంత సందు ఉండాలి.

చదవడానికి ఇంతే. చేతికి రావడానికి నాకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది. మొదటి మూడు రోజులూ బద్ద మీద బలమంతా పెట్టాను. తాళం రాయిలా బిగుసుకుంది. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి చాబీవాలా ముందు కూర్చుని గోడు వెళ్ళబోసుకుంటే నవ్వాడు. "బలం పెట్టకుండ్రి సార్. బలం పెడితే అన్ని ఒక్కసారే మొండికేస్తయ్. ఒక్కొక్కదాన్ని అడగాలె." ఎంత బలం అంటే, ఫోను తెర మీద వేలు పెట్టినంత.

నాలుగో రోజుకు తేడా తెలియడం మొదలైంది. నలగని పిన్నును తాకితే మెత్తగా లేచి మళ్ళీ దిగుతుంది, బాల్‌పెన్ను బటన్ లాగా. నలిగిన పిన్ను గట్టిగా, ముక్కుతాడు బిగించినట్టు ఉంటుంది. దాన్ని లేపుతుంటే ఒకచోట చిన్న 'టిక్', అదే క్షణంలో ఎడమ వేలి కింద బద్ద కదిలిందా లేదా అన్నంత కదలిక. కంటికి ఏమీ కనబడదు, వేలికి తెలుస్తుంది. మన వేళ్ళ చర్మం లోతుల్లో ఉల్లిపాయ పొరల్లా చుట్టుకున్న పసీనియన్ కణికలనే గ్రాహకాలున్నాయి. సెకనుకు సుమారు 250 సార్లు కంపించే అదురును అవి అన్నిటికన్నా బాగా పట్టుకుంటాయి. ఆ అదురు మైక్రోమీటరు కంటే తక్కువున్నా వాటికి చాలు. గట్టి ఉక్కు పుల్ల ఆ అదురును కొస నుంచి వేలిదాకా చెడకుండా మోసుకొస్తుంది. చూపులేనివారి చేతికర్ర రోడ్డును చదివేది ఇలాగే.

మన భాషలో తాళాన్ని కప్ప అనీ, తీసేదాన్ని చెవి అనీ అన్నాం. హిందీ చాబీ పోర్చుగీసు చావె నుంచి వచ్చింది. మన 'చెవి' ఆ ఓడలోనే దిగిందో, మొహానికి రెండు పక్కలా ఉన్నదేనో పండితులు తేల్చుకోనీండి. చెవి పోగొట్టుకున్నవాడికి మాత్రం తాళం తెరుచుకునేది చెవి పెట్టి వింటేనే.

పిన్నుల ఊహ చాలా పాతది. ఇరాక్‌లోని ఖొర్సాబాద్‌లో, అసీరియా రాజు రెండో సార్గాన్ రాజధాని శిథిలాల్లో ఇలాంటి కొయ్య తాళం బయటపడింది. ఈజిప్టులోనూ ఇదే పద్ధతి ఉండేది. స్ప్రింగులు లేవు, కొయ్య మేకులు తమ బరువుకే గడియ బెజ్జాల్లో పడేవి. తాళంచెవి పళ్ళు తిరగేసిన పెద్ద బ్రష్షులా ఉండేది. దాన్ని ఇత్తడిలోకి, జేబులోకి తెచ్చినవాళ్ళు అమెరికాలో యేల్ తండ్రీకొడుకులు. తండ్రి లైనస్ యేల్ 1848లో పిన్నుల తాళం చేశాడు. అదే పేరున్న కొడుకు మొదట మనుషుల బొమ్మలు గీసి బతికిన చిత్రకారుడు. 1861, 1865 పేటెంట్లతో ఇవాళ మన జేబులో ఉండే చదునైన రంపపు పళ్ళ చెవిని స్థిరపరిచి 1868లో పోయాడు. మన దేశంలో అర్దేశిర్ గోద్రెజ్ లాయరు పని వదిలేసి బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టింది 1897లో.

ఒకటొకటిగా అడగడం కూడా పాత విద్యే. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని 1790 నుంచి దుకాణం అద్దంలో పెట్టి, విప్పినవారికి 200 గినీలని బోర్డు కట్టింది. 1851లో అక్కడి మహా ప్రదర్శనకు వెళ్ళిన అమెరికన్ తాళాల పనివాడు ఆల్ఫ్రెడ్ హాబ్స్, ముందు చబ్ కంపెనీ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. తర్వాత బ్రామా తాళం ముందు కూర్చున్నాడు. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది, గినీలు తీసుకున్నాడు. అవి పిన్నుల తాళాలు కావు, అయినా పద్ధతి ఇదే: మెల్లగా తిప్పాలని చూడు, ఏది మొండికేస్తుందో కనిపెట్టు. ఇలాంటివి బయటపెడితే దొంగలు నేర్చుకోరా అని అప్పట్లో పెద్ద గొడవైంది. దొంగలకు మనం కొత్తగా నేర్పేదేమీ లేదని హాబ్స్ వాదం. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత లాస్ అలమోస్‌లో అణుబాంబు పనిలో ఉన్న రిచర్డ్ ఫైన్‌మన్, స్నేహితుడి దగ్గర తాళాలు విప్పడం నేర్చుకుని తోటి శాస్త్రవేత్తలను ఏడిపించాడు. బెజ్జాల వంకర మీదే ఆ విద్య నిలబడిందని తన పుస్తకంలో ముచ్చటగా రాసుకున్నాడు.

ఇంతకీ చాబీవాలా రోజువారీ కూడు పుల్లతో తీయడం కాదు, చెవి పోయిన తాళానికి కొత్త చెవి పుట్టించడం. దేశంలో చాలా ఊళ్ళలో ఈ పని చేసేది సిక్లిగర్ సిక్కులు, ఆయుధాలు చేయడం, సాన పట్టడం వాళ్ళ పూర్వుల వృత్తి. ఈయనది మాత్రం నల్లగొండ వైపు ఊరు, కుర్రతనంలో ఒక సర్దార్జీ దగ్గర నేర్చుకున్నాడట. ఒక మధ్యాహ్నం హాస్టల్ కుర్రాడు చెవి పారేసుకున్న తాళం తెచ్చాడు. ఈయన గుత్తిలోంచి గాట్లు లేని బ్లాంకు ఒకటి తీసి, నున్నగా రుద్ది, తాళంలో దూర్చి అటూ ఇటూ బలంగా తిప్పి బయటికి లాగాడు. ఎండకు ఏటవాలుగా పట్టుకుని నాకూ చూపించాడు. ఇత్తడి అంచు మీద సూదిమొన పొడిచినంత మెరుపు చుక్క. నలిగిన పిన్ను ఇత్తడిని కొరికిన గుర్తు అది. ఆ చుక్క మీద ఆకురాయితో రెండు గీతలు. మళ్ళీ దూర్చడం, తిప్పడం, చూడడం. చుక్క కనిపించినంతసేపూ అక్కడ గీయడమే. ఒకసారి ఆ చోట చుక్క పడలేదు. అంటే ఆ పిన్ను గట్టుకు చేరిందన్నమాట. వెంటనే ఇంకోచోట చుక్క మొదలైంది. నేను రెండు టీలు తాగేలోపు చెవి తయారు. తాళం విప్పకుండా, పాత చెవి చూడకుండా, తాళం చేతే దాని చెవి కొలతలు చెప్పించాడు. పుల్లతో తీయడం కంటే ఇదే పెద్ద విద్య అని నాకనిపిస్తుంది. పుల్లతో ఒకసారే తెరుస్తాం, ఇక్కడ రహస్యం లోహంలో మిగిలిపోతుంది.

హాస్టల్ అనగానే వార్డెన్ దగ్గరుండే మాస్టర్ కీ గుర్తొస్తుంది. ఒక్క చెవితో అన్ని గదులూ తెరవాలంటే పిన్నును ఇంకోచోట కూడా కోస్తారు, దాంతో ఒక్కో బెజ్జంలో రెండు ఎత్తులు సరైనవవుతాయి. అయిదు బెజ్జాల్లోనూ అలా చేస్తే ఆ ఒక్క తాళానికి 32 రకాల చెవులు పడతాయి. సౌకర్యానికి కట్టే ధర అది. 2003లో మ్యాట్ బ్లేజ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దీని మీద పరిశోధన పత్రం రాశాడు. ఒక గది చెవి దగ్గరున్నవాడికి మాస్టర్ కీ కొలతలు కనుక్కోవడం కూడా గుణకారం కాదు, కూడికేనని లెక్క కట్టి చూపించాడు. పాస్‌వర్డుల మనిషి ఇత్తడి మీద పడేసరికి తాళాల వాళ్ళకు కోపమొచ్చింది. 2008లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో పని చేశారు. సుమారు 60 మీటర్ల దూరంలో బల్ల మీదున్న తాళంచెవులను దూరదర్శినిలోంచి ఫొటో తీసి, కంప్యూటర్‌తో కొలిచి నకలు చేశారు. కొత్త ఇల్లు కొన్నామని తాళంచెవి వేళ్ళ మధ్య పట్టుకుని స్టేటస్ పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

అయితే ఇదంతా చదివి రాత్రి నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు. సంక్రాంతికి ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సులెక్కి జనం ఊళ్ళకు పోయాక పేపర్లలో వచ్చే వార్తలు చూడండి. ఎప్పుడూ 'తాళం పగలగొట్టి చోరీ' అనే ఉంటుంది. 'తాళం నేర్పుగా విప్పి' అని నేను చదివిన గుర్తు లేదు. ఇనుప రాడ్డుకు గొళ్ళెం లొంగుతుంటే పిన్నులను బతిమాలే ఓపిక దొంగకెందుకు? కప్ప బయట వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేసినట్టే. అందుకే పోలీసులు కూడా కప్ప కనబడకుండా తెర వేయమంటారు. కొత్త ఫ్లాట్లలో వేలిముద్ర తాళాలు వచ్చాయి. చాలావాటికి బ్యాటరీ అయిపోతే అక్కరకొస్తుందని మూత వెనక దాచిపెట్టింది మళ్ళీ ఈ ఇత్తడి సిలిండరే.

తొమ్మిదో సాయంత్రం నా తాళం తిరిగింది. ఆఖరి పిన్ను టిక్కుమనగానే ఇరుసు అడ్డేమీ లేకుండా జారిపోయింది. ఎంత ఉలిక్కిపడ్డానంటే పుల్ల వదిలేశాను. మర్నాడే దాన్ని జేబులో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, చాబీవాలా ముందే విప్పి చూపించాను. ఆయన మెచ్చుకోలుగా తలూపి, తాళం తీసుకుని, తిరిగి మూసి, పుల్ల లోపలి కొసదాకా దూర్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మెల్లగా బయటికి లాగాడు. టిక్, టిక్, టిక్, టిక్.

"నాలుగే ఉన్నయ్ గద సార్."

బీరువా సంగతి చెప్పక తప్పలేదు. నాలుగు పిన్నులంటే 1,296, గుణకారంలో ఆరోవంతే. కూడికలో చూసినా 30 కాదు, 24. ఆయన ఏమీ అనలేదు. రేకు పెట్టెలో అడుగున ఉన్న పాత బామ్ డబ్బా తీసి, అరచేతిలో వొంపుకుని, కాసేపు ఏరి, ఒక స్ప్రింగు, రెండు పిన్నులు ఖాళీ బెజ్జంలో వేసి బిగించి నా చెవితో తిప్పి చూసి ఇచ్చాడు. వేసేముందు పై పిన్ను నా కళ్ళబడింది. మిగతావాటిలా తిన్నగా లేదు, నడుము దగ్గర సన్నబడి డమరుకంలా ఉంది. దానికి టిక్కుమనే గుణం ఉంది. ఇరుసు తిరిగినట్టే తిరిగి, నడుము గట్టుకు తగులుకుని ఆగిపోతుంది. విప్పేవాడు గెలిచాననుకుంటాడు. బద్ద మీది బలం తగ్గించి, ఇరుసును కొంచెం వెనక్కి పోనిస్తే గానీ అది పైకి లేవదు. అలా పోనిచ్చినప్పుడు అంతవరకూ కుదిరినవి కిందికి రాలతాయి.

ఇవాళ్టికి రెండు వారాలు. తాళం నా బల్ల మీద ఉంది, రోజూ రెండుసార్లు తెరుచుకున్నట్టు నటిస్తుంది.